ఫుడ్ ట్రక్ లోపలి గోడకి ఏ షీటు వేయాలి? ఉప్పుగాలి ఊళ్ళో తక్కువ ఖర్చు లెక్క

ఈ ఎపిసోడ్ ఫుడ్ ట్రక్ పెట్టాలనుకునేవాళ్ళ కోసం. స్టవ్ గురించి, మెనూ గురించి, బండి ఎక్కడ ఆపాలన్న దాని గురించి అందరూ మాట్లాడతారు. లోపలి గోడల గురించి ఎవరూ మాట్లాడరు. బాడీ కట్టే ఆయన "లోపల ఏ షీటు వేయమంటారు?" అని అడిగేదాకా అదొక ప్రశ్న అని కూడా మనకి తట్టదు. అప్పుడు కంగారుగా "ఏదో ఒకటి, చవగ్గా ఉండేది, కడగడానికి వీలుగా ఉండేది వేసేయండి" అంటాం. ఆ ఒక్క మాట మీద ఎంత డబ్బు పోతుందో ఈ రోజు చూద్దాం.

నాకు ఈ విషయం ఎందుకు పట్టుకుందంటే, మా పెద్దమ్మ కూతురు, అంటే నాకు అక్క, బావతో కలిసి గాజువాకలో పొద్దున్న టిఫిన్ల బండి మొదలుపెడుతోంది. సాయంత్రం అదే బండిలో నూడుల్స్, ఫ్రైడ్ రైస్. సెకండ్ హ్యాండ్ టాటా ఏస్ కొన్నారు. సగం డబ్బు ముద్రా లోను, మిగతా సగం అక్క గాజులు బ్యాంకులో పెట్టి తెచ్చింది. లోపలి గోడలకీ సీలింగ్‌కీ కలిపి వాళ్ళు పక్కన పెట్టుకున్నది పాతిక వేలు. ఆటోనగర్‌లో ఒకాయన మొత్తం స్టెయిన్‌లెస్ స్టీల్‌తో చేస్తానని చెప్పిన రేటు దానికి దాదాపు రెట్టింపు. ఇంకొకాయన ఏసీపీ షీటు వేసి పదిహేను వేలల్లో అద్దంలా చేసిస్తానన్నాడు. ఇద్దరి మధ్యా ఇరుక్కుని బావ నాకు ఫోన్ చేశాడు. "నువ్వు బీటెక్ కదరా, ఏటి చెయ్యమంటావు?" అన్నాడు. నేను చదివింది కంప్యూటర్ సైన్స్ అండి. కానీ మా ఇళ్ళల్లో బీటెక్ అంటే ఫ్యాను రిపేరు దగ్గర్నుంచి బ్రిడ్జి కట్టడం దాకా అన్నీ వచ్చినట్టే లెక్క. సరే, తెలుసుకుని చెప్తానన్నాను. నెల రోజులు షీట్ల షాపులు, బాడీ బిల్డర్ల దగ్గర తిరిగాను. అందులో పనికొచ్చేదంతా ఇక్కడ చెప్పేస్తున్నా.

ముందు, రూల్ ఏం చెప్తోంది? ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాళ్ళ 2011 లైసెన్సింగ్ నిబంధనల్లో షెడ్యూల్ 4 అని ఒకటుంది. శుభ్రత విషయాలన్నీ అందులోనే ఉంటాయి. వంట చేసే చోట గోడలు, నేల, సీలింగ్ దెబ్బ తినకుండా ఉండాలి, నున్నగా ఉండాలి, తేలిగ్గా శుభ్రం చేయగలగాలి, పెచ్చులూడే రంగు ఉండకూడదు. బండి మీద వంట పెట్టి పని చేసే బల్ల అయితే నీళ్ళు పీల్చనిది, స్టెయిన్‌లెస్ స్టీల్ లాంటిది అయి ఉండాలి, నేల నుంచి 60, 70 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. గమనించారా, బల్లకి ఉదాహరణగా స్టీల్ పేరు చెప్పారు. గోడకి మాత్రం నున్నగా, కడగడానికి వీలుగా ఉంటే చాలన్నారు. అంటే "ఇన్‌స్పెక్టర్ వస్తే మొత్తం స్టీలే అడుగుతాడు" అని ఎవరైనా మిమ్మల్ని భయపెడితే నమ్మక్కర్లేదు. డబ్బు ఎక్కడ పెట్టాలో ఆలోచించుకునే స్వేచ్ఛ మనకి అక్కడే దొరుకుతుంది.

ఇప్పుడు గోడ మీద అసలు ఏం పడుతుందో చూద్దాం. మూడు పడతాయి. ఒకటి నూనె. బజ్జీ వేసినా, పూరీ వేసినా, నూడుల్స్ కళాయి ఎగరేసినా సన్నటి నూనె తుంపర గాల్లోకి లేచి గోడకి అతుక్కుంటుంది. మొదటి రోజు తుడిస్తే పోతుంది. పది రోజులు వదిలేస్తే పసుపుపచ్చ జిగురు అవుతుంది, గోరుతో గీకినా రాదు. ఎందుకంటే వేడి నూనె గాల్లో ఉన్న ఆక్సిజన్‌తో కలిసి గొలుసులు కట్టుకుంటుంది, పాలిమర్ అవుతుంది. అవిసె నూనెతో చేసిన పెయింటు ఆరి గట్టిపడేది కూడా ఇలాగే. అంటే మీరు కడగట్లేదంటే మీ గోడకి రోజూ కొంచెం కొంచెం వార్నిష్ వేసుకుంటున్నారన్నమాట.

రెండోది నీళ్ళు, ఆవిరి. ఇడ్లీ కుక్కర్ మూత తీసినప్పుడల్లా లేచే ఆవిరి నేరుగా సీలింగ్‌కి తగులుతుంది. సీలింగ్ చల్లగా ఉన్న పల్చటి రేకు అయితే అక్కడే చెమట పట్టి చుక్కలుగా కింద పడుతుంది. ఎక్కడ? ఇడ్లీ పిండి మీద. సీలింగ్ మీద ఉన్న మురికితో సహా.

మూడోది మన ఊరికి ప్రత్యేకం. ఉప్పు. విశాఖలో ఇల్లున్న ప్రతివాళ్ళకీ తెలుసు, గేటుకి రంగు వేసి ఏడాది తిరిగేసరికి తుప్పు బుడగలు వస్తాయి. సముద్రం దగ్గర అపార్ట్‌మెంట్లలో బాల్కనీ స్టీల్ రెయిలింగ్ మీద టీ ఒలికినట్టు గోధుమ రంగు మరకలు చూసే ఉంటారు. దానికి ఆ పనివాళ్ళ భాషలో పేరే టీ స్టెయిన్. దీనికి తోడు పాత ఊరు, కాన్వెంట్ జంక్షన్ వైపు పోర్టు నుంచి వచ్చే నల్ల దుమ్ము ఉండనే ఉంది. జిగురు గోడ మీద ఆ దుమ్ము పడితే ఇంక చెప్పక్కర్లేదు.

ఇక కొలతలు. టాటా ఏస్ వెనక తొట్టె సుమారు ఏడడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు. ఆరడుగుల ఎత్తు బాడీ కడితే నాలుగు గోడలూ కలిపి 144 చదరపు అడుగులు. అందులో అమ్మే కిటికీ, వెనక తలుపు తీసేస్తే దగ్గర దగ్గర 110. సీలింగ్ ఇంకో 35. మొత్తం 145 చదరపు అడుగులు. ఎనిమిది బై నాలుగు షీటు ఒక్కోటి 32 చదరపు అడుగులు, అంటే నాలుగున్నర షీట్లు.

బరువు లెక్క కూడా వేయాలండి, ఇది ఇల్లు కాదు. ఏస్ మోయగలిగేది దాదాపు ముప్పావు టన్ను. అందులోనే బాడీ, స్టవ్, సిలిండర్లు, నీళ్ళ ట్యాంకు, మనుషులు అందరూ సర్దుకోవాలి. 0.8 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ షీటు ఎనిమిది బై నాలుగు ఒక్కోటి 19 కిలోలు. మొత్తం దాంతోనే చేస్తే 86 కిలోలు. ఒకాయన "టైల్స్ వేసేయండి సార్, వంటింట్లో వేస్తాం కదా" అన్నాడు. గోడ టైలు చదరపు మీటరుకి 16, 17 కిలోలు ఉంటుంది. గోడలకే 170 కిలోలు దాటుతుంది, అతికించే సిమెంటు కాక. పైగా కూర్మన్నపాలెం వైపు లారీల రోడ్ల మీద ఈ బండి రోజూ ఎగిరెగిరి పడుతుంటే టైళ్ళ మధ్య గ్రౌట్ ఎన్నాళ్ళు ఉంటుంది? నెల. ఆ పగుళ్ళలోకి నూనె నీళ్ళు వెళ్తాయి. టైల్స్ మాట అక్కడితో వదిలేశాం.

ఇప్పుడు ఒక్కో షీటు గురించి. ఒక తెలిసిన టిఫిన్ సెంటర్ ఓనర్‌ని బతిమాలుకుని, ఆయన పూరీల స్టవ్ వెనక రకరకాల షీట్ల ముక్కలు తీగతో కట్టి పదిహేను రోజులు ఉంచాను. అవే ఈ టేబుల్ మీద ఉన్నవి. ల్యాబ్ టెస్ట్ కాదు ఇది. కానీ లోకల్ మెషిన్‌లో పని చేసే కోడ్ ప్రొడక్షన్‌లో ఎలా ఏడుస్తుందో ఆరేళ్ళు చూసినవాడిని. షాపులో మెరిసే షీటుని నేను మెరుపు చూసి నమ్మను.

ఇదిగో, ఇది పీవీసీ ప్యానెల్. బాత్రూమ్ సీలింగ్‌లకి వేస్తారు. చదరపు అడుగు రేటులో అన్నిటికంటే చవక, నీళ్ళకి ఏమీ కాదు. చూడండి ఎలా వంకర తిరిగిందో. పీవీసీ ఎనభై డిగ్రీల దగ్గర మెత్తబడిపోతుంది, స్టవ్ వెనక గోడ అంతకన్నా సులువుగా వేడెక్కుతుంది. కాలితే వచ్చే పొగలో హైడ్రోజన్ క్లోరైడ్ ఉంటుంది, ఊపిరితిత్తుల్ని కోసేస్తుంది. ఏడడుగుల డబ్బాలో నిలబడి అది పీల్చే పరిస్థితి ఎవరికీ వద్దు. ఆన్‌లైన్‌లో దొరికే ఇటుక డిజైన్ ఫోమ్ స్టిక్కర్లు, "వాషబుల్ వాల్‌పేపర్" అని అమ్మేవి కూడా ఇదే జాతి. హాల్లో టీవీ వెనక వేసుకోండి, బాగుంటాయి.

ఇది ఏసీపీ. బావకి పదిహేను వేలల్లో ఇస్తానన్నది ఇదే. షాపుల ముందు బోర్డులకి వాడతారు. పైనా కిందా పల్చటి అల్యూమినియం రేకు, మధ్యలో ప్లాస్టిక్. ముట్టుకుంటే లోహంలా ఉంటుంది, నున్నగా ఉంటుంది, తుప్పు పట్టదు, చదరపు మీటరు నాలుగు కిలోల లోపే. నాక్కూడా మొదట ఇదే బెస్ట్ అనిపించింది. కానీ మామూలు రకంలో మధ్యనున్న ఆ ప్లాస్టిక్ పాలిథీన్. 2017 జూన్ 14న లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ అనే అపార్ట్‌మెంట్ తగలబడి 72 మంది చనిపోయారు. మంట అంత వేగంగా పాకడానికి ముఖ్య కారణం బయటి గోడలకి వేసిన ఇలాంటి పాలిథీన్ మధ్య పొర ఉన్న అల్యూమినియం షీట్లే అని విచారణలో తేలింది. మన బండి బిల్డింగ్ కాదు, నిజమే. కానీ రెండడుగుల దూరంలో నూనె బాండీ ఉంది, పక్కన గ్యాస్ ఉంది. ఈ షీటు కోసిన అంచు చూడండి, ఆ ప్లాస్టిక్ గీత బయటికి కనిపిస్తోంది. మంటకి దూరంగా, బండి బయటి వైపు పేరు బోర్డుకి వాడుకోండి. వంట వైపు వద్దు.

ఇది ప్లైవుడ్ మీద సన్‌మైకా. ఇది నన్ను ఆశ్చర్యపరిచింది, ఎందుకంటే మధ్య భాగం ఎంత బాగా తుడుచుకుపోయిందో. లామినేట్ పైభాగానికి నూనె అంత తేలిగ్గా అంటుకోదు. దీని కష్టమంతా అంచుల్లో ఉంది. ఇక్కడ మూల ఉబ్బింది చూశారా? అంచు లోంచి ఆవిరి ప్లైవుడ్‌లోకి వెళ్ళింది. ప్లై ఉబ్బితే సన్‌మైకా లేస్తుంది, ఆ సందులో బొద్దింకలు కాపురం పెడతాయి. వెనక వాడే ప్లైవుడ్ అయినా ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై తీసుకోవాలి, మామూలు కమర్షియల్ ప్లై కాదు.

సాదా అల్యూమినియం రేకు. తేలిక, కాలదు, తుప్పు రాదు. పాపం మంచి షీటే. కానీ మనవాళ్ళు జిడ్డు వదలడానికి కాస్టిక్ సోడా కలిపిన నీళ్ళు కొడతారు. కాస్టిక్ అల్యూమినియాన్ని తినేస్తుంది. ఈ సగం నేను సోడా నీళ్ళతో కడిగాను, బూడిద రంగు వచ్చేసి గరుకైపోయింది. గరుకైతే జిడ్డు ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. మీ బండిలో కడిగేది మీరే, సబ్బు నీళ్ళే వాడతారంటే ఓకే. పనికి కుర్రాడిని పెడితే వాడు దేంతో కడుగుతాడో మీ చేతిలో ఉండదు.

ఇక స్టెయిన్‌లెస్. దీని దగ్గర కాస్త ఆగాలి. స్టీల్ సిటీలో ఉంటున్నాం, స్టీల్ చవగ్గా దొరకదా అని చాలామంది అంటారు. మన స్టీల్ ప్లాంటులో తయారయ్యేది ఇంటి స్లాబుల్లో వేసే కడ్డీలు, వైరు రాడ్లు, యాంగిళ్ళు, ఛానళ్ళు. స్టెయిన్‌లెస్ షీటు అక్కడ రాదు. అది ఒడిశాలో జాజ్‌పూర్, తమిళనాడులో సేలం లాంటి చోట్ల నుంచి రావాలి. తమాషా ఏంటంటే, స్టీలుని స్టెయిన్‌లెస్ చేసే క్రోమియం కోసం వాడే ఫెర్రోక్రోమ్ ఫ్యాక్టరీ మాత్రం మన పక్కనే కొత్తవలసలో పెట్టారు. దినుసు ఇక్కడ, వంట అక్కడ.

షాపులో మీకు వినిపించే నంబర్లు 304, 202. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. 304లో నికెల్ ఎనిమిది శాతం ఉంటుంది. 202లో నికెల్ తగ్గించి, నాలుగు నుంచి ఆరు శాతం పెట్టి, బదులుగా మాంగనీస్ ఎక్కువ వేస్తారు. అందుకే చవక. ఊరు లోపల, ఉప్పుగాలి లేని చోట 202 కూడా చాలా ఏళ్ళు వస్తుంది. స్టీలు మీద క్రోమియం ఆక్సైడ్ పొర ఒకటి ఉంటుంది, కంటికి కనపడనంత పల్చన. ఉప్పులో ఉన్న క్లోరైడ్ ఆ పొరని సూదితో పొడిచినట్టు పొడుస్తుంది, అక్కడ చిన్న గుంట పడుతుంది. 202 దీనికి 304 కన్నా త్వరగా లొంగుతుంది. నేను రెండిటి మీదా రోజూ ఉప్పు నీళ్ళు చల్లాను. ఇది 202, గోధుమ రంగు చుక్కలు లెక్కపెట్టుకోవచ్చు. ఇది 304, ఒక మూల తప్ప ఏం లేదు. 316 అని ఇంకా పైది ఉంది, మాలిబ్డినం కలుపుతారు, సముద్రపు పనులకి అదే సరైనది. రోజూ మంచినీళ్ళతో తుడుచుకునే బండి లోపలికి అంత ఖర్చు అనవసరం అని నా అభిప్రాయం.

షాపువాళ్ళు అయస్కాంతం పెట్టి చూపిస్తారు, "చూడండి సార్, అంటుకోలేదు, ఒరిజినల్" అని. 304కీ అంటుకోదు, 202కీ అంటుకోదు. ఆ పరీక్షతో రెండిటి మధ్య తేడా తెలియదు. చిన్న సీసాలో చుక్కల మందు ఉంటుంది, ఒక చుక్క వేసి బ్యాటరీ తగిలిస్తే రంగు మారి గ్రేడు చెప్తుంది. అది వేసి చూపించమనండి, బిల్లు మీద 304 అని రాయించుకోండి. రాయడానికి నసిగాడంటే మీకు సమాధానం వచ్చేసినట్టే.

ఇంతకీ మిగిలిన ముక్క, ఇదిగో తెల్లది. ఎఫ్‌ఆర్‌పీ, అంటే ఫైబర్. మన ఫిషింగ్ హార్బర్‌లో ఫైబర్ బోట్లు చూశారు కదా, అదే సరుకు. గాజు పీచుని రెసిన్‌తో కలిపి గట్టిపరుస్తారు. ఉప్పు నీళ్ళలో ఏళ్ళ తరబడి ఉన్నా దానికి తుప్పు రాదు, పట్టడానికి అందులో ఇనుమే లేదు. దీన్ని బండి గోడకి వేయాలన్న ఆలోచన నాకు రొయ్యల వ్యాన్లు చూసి వచ్చింది. చెరువుల నుంచి ఐసులో రొయ్యలు తెచ్చే ఇన్సులేటెడ్ వ్యాన్లు మన ఊళ్ళో ఎన్ని తిరుగుతాయో మీకు తెలుసు. వాటి లోపల తెల్లగా ఉండే గోడ చాలావాటిలో ఇదే, వెనక ఫోమ్ ఉంటుంది. రోజూ చేపల నీసు పైపు పెట్టి కడిగే గోడ అది. కదిలే బండిలో, ఉప్పుగాలిలో, రోజూ కడిగే గోడ ఎలా ఉండాలన్న ప్రశ్నకి మన ఊరు ఎప్పుడో జవాబు కనిపెట్టేసింది, మనమే ఇంటీరియర్ షాపుల్లో వెతుకుతున్నాం. ఆ వ్యాన్లు రిపేరు చేసే బాడీ బిల్డర్ల దగ్గర మిగిలిన ముక్కలు కొత్త షీటు రేటు కన్నా తక్కువకే వస్తాయి, బేరం ఆడితే.

దీనికీ ఒక హద్దుంది. రెసిన్ కాలుతుంది. అందుకని స్టవ్ వెనక ఎఫ్‌ఆర్‌పీ వద్దే వద్దు. అలాగే వేడి తగ్గుతుందని గోడ మధ్యలో థర్మోకోల్ కుక్కేవాళ్ళున్నారు, స్టవ్ వైపు అది అసలు చేయకండి.

ఇప్పుడు అర్థమైంది కదా, "మొత్తానికి ఏ షీటు?" అన్న ప్రశ్నే తప్పు. ఆ బండిలో ఉన్నది ఒక గోడ కాదు. మంట పక్క గోడ, నీళ్ళ పక్క గోడ, ఏమీ పడని గోడ. మూడిటికీ ఒకే షీటు వేస్తే ఒకచోట డబ్బు ఎక్కువ తగలేస్తాం, ఇంకోచోట ప్రమాదం తెచ్చుకుంటాం.

అక్కా వాళ్ళ బండి ఇలా చేశాం. మన రోడ్ల మీద ఎడమ పక్కన ఆపుతాం కాబట్టి అమ్మే కిటికీ ఎడమ వైపు. స్టవ్‌లు కుడి వైపు పొడుగు గోడకి. ఆ గోడ ఏడడుగులు. కౌంటర్ ఎత్తు నుంచి సీలింగ్ దాకా మూడడుగుల పైచిలుకు. ఒకే ఒక్క 304 షీటు అడ్డంగా పడుకోబెడితే గోడంతా వచ్చేసింది, కింద తొమ్మిది అంగుళాలు కౌంటర్ వెనక్కి దిగింది. మంట ఉన్న గోడ మీద ఒక్క అతుకు కూడా లేదు. రెండో షీటులో అయిదడుగులు సింకు వెనక. మిగిలిన మూడడుగుల ముక్క స్టవ్ నెత్తిన, హుడ్ చుట్టూ సీలింగ్‌కి. మిగతా సీలింగ్, తలుపు లోపలి వైపు, కౌంటర్ కింద, కిటికీ చుట్టూ అంతా తెల్ల ఎఫ్‌ఆర్‌పీ. దాని వెనక ప్లై కూడా ఉంది కాబట్టి వట్టి రేకులా చల్లబడదు, ఇడ్లీ ఆవిరికి చెమట తక్కువ పడుతుంది.

స్టవ్ వెనక ఇంకో పని ఉంది, దాన్ని చాలామంది వదిలేస్తారు. స్టీల్ కాలదు, నిజమే. కానీ వేడిని వెనక్కి పంపిస్తుంది. వెనక ప్లైవుడ్‌కి నేరుగా అంటించారంటే, రోజూ ఆరు గంటల చొప్పున ఆ చెక్క లోపల లోపలే మాడుతూ ఉంటుంది. బయటికి మెరిసే స్టీలు, లోపల బొగ్గు. అందుకని ప్లైకీ స్టీలుకీ మధ్య ఎనిమిది మిల్లీమీటర్ల సిమెంటు బోర్డు పెట్టి, కొంచెం గాలి సందు వదిలాం. ఆ బోర్డు ఇరవై రెండు కిలోలు వచ్చింది. ఈ బరువు దగ్గర నేను బేరం ఆడను.

ఖర్చు చెప్తా, రాసుకోండి. రెండు 304 షీట్లు 38 కిలోలు, ఆ రోజు రేటు కిలో 230, అంటే 8,740. సిమెంటు బోర్డు 1,300. ఎఫ్‌ఆర్‌పీ ముక్కలు 81 చదరపు అడుగులు, 6,000. రివెట్లు, సీలెంట్, అంచు పట్టీలు 2,000. కూలి 5,500. మొత్తం 23,540. వెనక ప్లై బాడీ ఖర్చులోనే ఉంది. స్టీల్ రేటు రోజూ మారుతుంది కాబట్టి మీరు వెళ్ళిన రోజు కిలో ధర అడగండి, షీటు ధర కాదు. షీటు ధర అడిగితే 0.8 అని చెప్పి 0.6 అంటగడతారు. తూకం వేయించండి, 19 కిలోలు రావాలి.

షీటు కొన్నంత మాత్రాన గోడ కడగడానికి పనికి రాదండి, అతుకులు సరిగ్గా ఉండాలి. మాకు పని చేసిన మేస్త్రీ గారు పెద్దాయన. రివెట్ డబ్బా తీసి "అల్యూమినియం రివెట్లు ఏసీమంటారా బాబూ, సగం రేటు" అన్నారు. వద్దన్నాం. స్టీలు మీద అల్యూమినియం రివెట్ కొట్టి, మధ్యలో ఉప్పు తడి చేరితే అది చిన్న బ్యాటరీ అవుతుంది, అల్యూమినియం కరిగిపోతుంది. తల ఊడిన రివెట్ ఎక్కడ పడుతుందో ఊహించుకోండి. స్టీలుకి స్టీలు రివెట్లే. సిలికాన్ సీలెంట్ కొనేటప్పుడు న్యూట్రల్ అని రాసున్నది అడగండి. వెనిగర్ వాసన వచ్చే రకం చవక, కానీ అందులోంచి వచ్చే ఆమ్లం లోహాన్ని పాడు చేస్తుంది. రెండు షీట్లు కలిసే చోట పై షీటు కింది షీటు మీదకి రావాలి, పెంకుటింటి పెంకుల్లాగా, అప్పుడు జారిన నీళ్ళు లోపలికి పోవు. గోడ, నేల కలిసే మూల దగ్గర షీటుని నాలుగంగుళాలు నేల మీదకి గుండ్రంగా వంచి తీసుకోండి. చదరంగా ఉన్న మూలలో చీపురు తిరగదు.

ఇంకోటి. ఆటోనగర్ షెడ్లలో ఒక పక్క ఇనుము గ్రైండింగ్ చేస్తుంటారు, పక్కనే మన స్టెయిన్‌లెస్ షీటు ఆనించి ఉంటుంది. ఆ నిప్పురవ్వలు ఇనప రజను. షీటు మీద పడి అతుక్కుంటే వారంలో తుప్పు చుక్కలు వస్తాయి, మనం షాపువాడిని తిడతాం. షీటు మీద ప్లాస్టిక్ పొర ఉంటుంది కదా, బిగించేదాకా తీయకండి. బిగించాక స్టవ్ వెలిగించే ముందు మొత్తం పీకేయండి, అంచుల కింద ఉన్నది కూడా. వేడికి కరిగితే ఇంక రాదు.

కడగడం సంగతి. రోజూ రాత్రి గోరువెచ్చటి నీళ్ళు, గిన్నెల సబ్బు, గుడ్డ. చివర్లో మంచినీళ్ళతో తుడిచి పొడిగుడ్డ. ఉప్పు నీళ్ళు కలిసే బోరు ఉన్న ఏరియాల్లో ఆ చివరి పొడిగుడ్డ ఇంకా ముఖ్యం. స్టీలు పీచు వద్దు, ప్లాస్టిక్ పీచు వాడండి. బ్లీచింగ్, బాత్రూమ్ యాసిడ్ స్టెయిన్‌లెస్ దగ్గరికి రానివ్వకండి, రెండిట్లోనూ క్లోరిన్ సంబంధమైనవే ఉన్నాయి, సముద్రం పదేళ్ళలో చేసే పని అవి పది నిమిషాల్లో చేస్తాయి. అక్క దీనికి ఒక పద్ధతి పెట్టుకుంది. ఆ రెండు సీసాలూ అసలు బండెక్కనివ్వదు.

బాడీ మార్చినందుకు ఆర్టీవో ఆఫీసులో అనుమతి తీసుకోవాలి, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అదే చెప్తుంది. బాడీ కట్టక ముందే అడగండి, కట్టేశాక కాదు. సిలిండర్ల అరకి కింద భాగంలో గాలి రంధ్రాలు పెట్టించండి. వంట గ్యాస్ గాలి కన్నా బరువు, లీకైతే కిందకే దిగుతుంది. పైన జాలీ పెట్టి ఊరుకుంటే లాభం లేదు.

బావ నన్ను అడిగిన ఆఖరి ప్రశ్న తెలుపు రంగు గురించి. "తెల్లదైతే మురికి కనిపిస్తది కదరా, ముదురు రంగు ఏద్దామా?" అని. అక్క ఒప్పుకోలేదు. కిటికీ దగ్గర నిలబడి ప్లేటు పట్టుకున్నవాళ్ళకి ఎదురుగా కనిపించేది ఆ లోపలి గోడే, అది తెల్లగా ఉందని వాళ్ళు చూడాలి అంది. ఎఫ్‌ఆర్‌పీ తెలుపే ఉంచాం.

హుడ్, ఎగ్జాస్ట్ ఫ్యాను సైజు లెక్క ఈ ఎపిసోడ్‌లో పట్టలేదు. అది వచ్చే వారం. ఈలోగా ఎవరైనా బాడీ కట్టిస్తుంటే, ఎగ్జాస్ట్ కోసం ఆ కుడి గోడ షీటుకి రంధ్రం మాత్రం ఇప్పుడే కోయించకండి, సైజు తేలాక కోయిద్దురుగాని.